కొయ్య గుళికలు: బస్తా ధర వేరు, వేడి ధర వేరు

చలి దేశాలలో ఇళ్లు వెచ్చబరచడానికి రంపపుపొట్టును అదిమి చేసిన గుళికలు వాడతారు. ఐరోపాలో ఇవి సాధారణంగా 15 కిలోల బస్తాలలో అమ్ముడవుతాయి. కొనేవారు బస్తా ధర చూస్తారు. చూడవలసింది అందులోని వేడిని.

వేడిని కూడా విద్యుత్తు మాదిరే యూనిట్లలో కొలవవచ్చు. ఐరోపాలో ‘ఇ.ఎన్. ప్లస్ ఎ-1’ ముద్ర గల సరకులో తేమ నూటికి 10, బూడిద 0.7 పాళ్లు మించరాదు. కిలోకు కనీసం 4.6 యూనిట్లు ఉండాలి. ఉదాహరణకు, కిలోకు 4.8 యూనిట్లిచ్చే మేలురకం బస్తా 6 యూరోలనుకుందాం. మొత్తం 72 యూనిట్లు, యూనిట్ 8.3 సెంట్లు. తేమెక్కిన సరకు బస్తా 5.50కే దొరికినా, కిలోకు 4.2 చొప్పున 63 యూనిట్లే వస్తే యూనిట్ 8.7 సెంట్లు పడుతుంది. చవక సరకే ప్రియమన్నమాట! బస్తా అడుగున పొట్టు పేరుకుంటే సరకు నలిగిందని గుర్తు.

తూకంలోనూ తిరకాసుంది. అమెరికాలో టన్నంటే 40 పౌన్ల బస్తాలు 50, అనగా 907 కిలోలే. ఐరోపా టన్నుతో పోల్చేవారు ఈ 93 కిలోల తేడా మరువరాదు.

హీటింగ్ ఆయిల్‌తో పోలిక సులువు. లీటరులో సుమారు 10 యూనిట్లుంటాయి కనుక రెండు కిలోల గుళికల ధరను దాని పక్కన పెట్టి చూడాలి.

సాధారణంగా వేసవిలో గిరాకీ మందగించి ధర దిగుతుంది. నిలవకు అదే అదను. అయితే 2022లో ఉక్రెయిన్ యుద్ధం దరిమిలా ఐరోపా యూనియన్ రష్యా కలప దిగుమతి నిషేధించడంతో, జర్మనీలో వేసవిలోనే ధర ముందటేటికి రెట్టింపు దాటింది.