తుపాను తరువాత మనసు కుంగినప్పుడు – రైతు కుటుంబములు, గ్రామోద్యోగులు తెలిసికొనవలసిన సంగతులు

తుపాను వెలిసిన మరునాటి నుండి గ్రామములో లెక్కలు ప్రారంభమగును. ఎన్ని ఎకరముల వరి పడిపోయినది, ఎన్ని కొబ్బరిచెట్లు కూలినవి, ఎన్ని పశువులు చచ్చినవి, ఎన్ని ఇండ్లు నేలమట్టమైనవి అని ఉద్యోగులు వ్రాసికొందురు. ఈ లెక్కలు అవసరమే. అవి లేనిదే సహాయము అందదు. కాని ఆ కాగితములలో ఎక్కడను కనబడని నష్టము మరి యొకటి కలదు. అది మనిషి మనసునకు తగిలిన దెబ్బ. పడిన గోడను ఆరు నెలలలో తిరిగి కట్టవచ్చును. కుంగిన మనసును పట్టించుకొనక వదలినచో, ఇల్లు లేచినను ఆ యింటి యజమాని లేవలేడు. కావున విత్తనము, ఎరువు, అప్పు మొదలగు వానితోపాటు దీనిని గురించియు రైతులు తెలిసికొనవలెను.

దివిసీమ అనుభవము

1977 నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము నాగాయలంక, కోడూరు ప్రాంతముల గ్రామములపై విరుచుకుపడినది. సొర్లగొంది వంటి గ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. చనిపోయినవారు పదివేల మంది వరకు ఉందురని అంచనా. అంతకు మించియుందురని చెప్పువారును కలరు. కోతకు వచ్చిన వరి ఉప్పునీటి పాలైనది. పశువులు కొట్టములలోనే చనిపోయినవి.

ఆనాడు బ్రతికి బయటపడినవారి బాధ రెండు విధములుగా నుండెను. ఒకటి, పోయినవారి కొరకు దుఃఖము. రెండవది, "అందరును పోయి నేనెందుకు మిగిలితిని?" అను ప్రశ్న. చేతిలోని బిడ్డ నీటిలో జారిపోయిన తల్లి ఆ తప్పు తనదేనని జీవితాంతము అనుకొనును. అది తప్పు కాదు. అంతటి నీటి వేగమునకు ఎంత బలశాలి చెయ్యియైనను నిలువదు. ఈ మాట ఆమెకు ఎవరైనను, ఒక్కసారి కాదు, పలుమార్లు చెప్పవలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానము ప్రాంతములో కొబ్బరి, జీడిమామిడి తోటలు కూలిపోయినవి. అచ్చటి దుఃఖము వేరొక తీరు. వరి పోయినచో మరుసటి కారునకు మరల నాటవచ్చును. పొడవు రకపు కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు 6, 7 సంవత్సరములు పట్టును. తాత నాటిన చెట్టు ఒక్క రాత్రిలో పడినప్పుడు, అరువది యేండ్ల రైతునకు "నా బ్రతుకులో దీని కాయ మరల చూతునా?" అను దిగులు కలుగును. ఇది కేవలము ఆదాయపు నష్టము కాదు.

ఇది దుఃఖమా, వ్యాధియా?

విపత్తు తరువాత ఏడ్పు వచ్చుట, నిద్ర పట్టకపోవుట, గాలి వీచినంతనే ఉలికిపడుట, అన్నము సహింపకపోవుట సహజము. ఇవి పిచ్చియు కాదు, పిరికితనమును కాదు. చాలమందిలో దినములు గడచిన కొలది, అయినవారి తోడు దొరికిన కొలది, ఇవి తగ్గును.

కొందరిలో మాత్రము తగ్గవు. ఈ క్రింది లక్షణములు రెండు వారములకు మించి, దాదాపు ప్రతిదినమును, రోజులో చాల భాగము కనబడినచో అది కుంగుబాటు అను వ్యాధి కావచ్చును:

1. ఎడతెగని దిగులు, లేక దేనిమీదను ఆసక్తి లేకపోవుట.
2. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మరల నిద్ర పట్టకపోవుట, లేక పగలంతయు పడుకొనియే యుండుట.
3. ఆకలి మందగించుట, బరువు తగ్గుట.
4. చిన్న పనికే అలసట. ఏ పనియు మొదలు పెట్టలేకపోవుట.
5. "నావలననే ఇదంతయు జరిగినది, నేను పనికిరానివాడను" అను తలంపు.
6. మనసు నిలువకపోవుట, చిన్న విషయమునకును నిర్ణయము తోచకపోవుట.
7. చనిపోవలెనను ఆలోచన.

మన పల్లెలలో చాలమంది రైతులు "నాకు దిగులుగా నున్నది" అని చెప్పరు. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, గుండెదడ, కడుపులో మంట అని చెప్పుదురు. మందులు మార్చి మార్చి వాడినను తగ్గని నొప్పుల వెనుక ఈ వ్యాధి యుండవచ్చును.

మొదటి వారములలో చేయవలసినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలగు సంస్థలు 2011లో విపత్తు బాధితులకు చేయవలసిన మానసిక ప్రథమ చికిత్సను గురించి ఒక మార్గదర్శిని ప్రకటించినవి. దాని సారము మూడు మాటలు: చూచుట, వినుట, కలుపుట. దీనికి వైద్యుడే కానక్కరలేదు.

చూచుట: గ్రామములో ఎవరు ఒంటరిగా మిగిలిరి, ఎవరు అన్నము ముట్టుట లేదు, ఎవరు ఎవరితోను మాటలాడుట లేదు అని గమనింపవలెను.

వినుట: ప్రక్కన కూర్చుండి, చెప్పినంత వినవలెను. చెప్పుమని ఒత్తిడి చేయరాదు. "జరిగినది మరచిపో", "నీకంటె ఎక్కువ పోగొట్టుకొన్నవారు లేరా?" అను మాటలు మంచి మనసుతో అన్నను గాయమునే చేయును. "ధైర్యముగా ఉండు" అని చెప్పి లేచి పోవుటకంటె, ఏమియు అనక గంటసేపు తోడుండుట మేలు.

కలుపుట: విడిపోయిన బంధువులతో, వైద్యునితో, సహాయము పంచు ఉద్యోగితో కలుపవలెను. ఆకలితో నున్నవానికి, కప్పు లేనివానికి ఓదార్పు మాటలు చాలవు. ముందు కూడు, గూడు, త్రాగునీరు అందవలెను. శవము దొరకని కుటుంబములు కర్మకాండ ఎట్లు జరుపవలెనని మథనపడును. ఊరివారందరును కలసి వారి ఆచారము ప్రకారము దానిని జరిపించుట కూడ ఓదార్పే.

బడి వీలైనంత త్వరగా, చెట్టు క్రిందనైనను తెరువవలెను. పిల్లలకు పాఠము, ఆట, తోటివారు దొరికినచో భయము తగ్గును. శిబిరములలో ఆడువారికి చాటైన స్నానపు స్థలము, రాత్రివేళ దీపము ఏర్పాటు చేయవలెను. వంట, నీళ్ళు, పిల్లలు, ముసలివారు అను భారము మరుసటి దినము నుండియే వారి తలమీద పడుటచే, వారు ఏడ్చుటకైనను తీరిక దొరకదు. ఆ పనిని ఇంటివారందరును పంచుకొనవలెను.

చిన్న పనితో ప్రారంభము

కుంగుబాటు మనిషిని పనికి దూరము చేయును. పనికి దూరమైన కొలది కుంగుబాటు పెరుగును. ఈ చక్రమును త్రెంపుటకు చిన్న పని మంచి సాధనమని వైద్యులు చెప్పుదురు. మనసు బాగుపడిన తరువాత పనిలోనికి దిగుదమని కూర్చుండక, పనిలోనికి దిగి మనసును బాగుపరచుకొనవలెను. కాని ఆ పని త్వరగా పూర్తియై, కంటికి ఫలితము కనబడునదిగా నుండవలెను.

ఐదెకరముల తోటను ఒక్కసారి చూచినచో గుండె చెదరును. ఈ దినము ఒక్క చెట్టు మొండెము తొలగింపవలెను. రేపు మరియొకటి. పెరటిలో రెండు మడులు తోటకూర చల్లినచో నెల తిరుగక ముందే కోతకు వచ్చును. కొబ్బరి మరల నాటిన రైతు, అది కాపునకు వచ్చువరకు ఖాళీ చూచుచు కూర్చుండక, నడుమ అరటి, కూరగాయలు, పప్పుధాన్యములు వేసికొనవచ్చును. చేతికి కొంత డబ్బు, కంటికి కొంత పచ్చదనము దొరకును.

ఉప్పునీరు చేరిన పొలము సంగతియు ఇట్టిదే. "నా భూమి చచ్చినది" అని రైతు నిరాశపడును. భూమి చావలేదు. నిలచిన ఉప్పునీటిని తీసివేసి, వాననీరు లేక కాలువనీరు నిలువగట్టి మురుగు కాలువలోనికి పలుమార్లు వదలినచో ఉప్పు తగ్గును. మట్టి నమూనా పరీక్ష చేయించినచో ఎంత ఉప్పు మిగిలినదో తెలియును. ఏమగునో తెలియని భయముకంటె, చేయవలసిన పని తెలిసిన కష్టము తేలిక.

ఇరుగుపొరుగువారికి ఒక సూచన. దిగులుపడిన మనిషికి బోధ చేయుటకంటె అతని సహాయము కోరుట మంచిది. "బాబాయ్, మా దొడ్లో తాటిచెట్టు పడింది. నా ఒక్కడివల్ల కావడం లేదు, కాస్త సాయం రా" అన్నచో, బోధకు లేవనివాడు పిలుపునకు లేచును. తాను ఇంకను ఒకరికి అక్కరకు వత్తునని అతనికి తోచుటయే సగము మందు. పిలిచిన మొదటి దినము రాకపోయినచో కోపగింపక, మరునాడు మరల పిలువవలెను.

సారాయి, నిద్రమాత్రలు

తాగినచో ఆ రాత్రికి నిద్ర పట్టినట్లుండును. కాని తాగుడు నిద్రను చెడగొట్టి, దిగులును పెంచి, పరిహారముగా వచ్చిన డబ్బును మ్రింగివేయును. మూలిగే నక్కమీద తాటిపండు పడినట్లగును. దుకాణములో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకొనుటయు ప్రమాదమే. కొద్ది దినములలోనే అవి అలవాటై పోవును.

తప్పక గమనింపవలసిన ప్రమాద సూచనలు

"ఇక నాతో పని లేదు", "నేను లేకపోతే మీరు సుఖపడుదురు" అనుట, ఎన్నడును లేనిది అప్పుల లెక్కలు, పొలము కాగితములు ఇంటివారికి అప్పగించుట, అందరి వద్ద సెలవు తీసికొన్నట్లు మాటలాడుట – వీనిని తేలికగా తీసికొనరాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమతో అడుగవలెను. అడుగుటచే లేని ఆలోచన పుట్టదు. ఉన్న బరువు దిగును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు.

రైతు ఇండ్లలో పురుగు మందులు మంచము క్రిందను, వసారాలోను ఉండుట మామూలు. వానిని ఇంటికి దూరముగా, తాళము వేసిన పెట్టెలో నుంచి, తాళపుచెవి మరియొకరి వద్ద ఉంచవలెను. చనిపోవలెనను ఉద్రేకము తరచుగా కొద్దిసేపే తీవ్రముగా నుండును. ఆ కొద్దిసేపు మందు చేతికి అందకపోవుటచే ఒక ప్రాణము నిలువగలదు. ఎవరైనను మ్రింగినచో ఒక్క నిముషమైనను ఆలస్యము చేయక, మందు డబ్బాతోసహా ఆసుపత్రికి చేర్చవలెను. పోలీసు కేసు అగునను భయముతో దాచరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారిగా భావింపవలెనే గాని శిక్షింపరాదు.

వైద్యము కలదు

కుంగుబాటు నయమగు వ్యాధి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో చెప్పినచో ఆయన జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు పంపును. కొందరికి మాటలతో చేయు చికిత్సయే చాలును. కొందరికి మందు అవసరమగును. ఈ మందులు తలనొప్పి మాత్రవలె వెంటనే పనిచేయవు. గుణము కనబడుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును. వారము దినములు మ్రింగి గుణము లేదని మానరాదు. గుణము కనబడిన తరువాతను వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడవలెను. ఇవి నిద్రమాత్రలవలె వ్యసనము కావు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ అను సేవకు 14416 నెంబరునకు ఫోను చేసి, రాత్రింబవళ్ళు ఎప్పుడైనను, తెలుగులోనే మాటలాడవచ్చును. దీనికి రుసుము లేదు. ఈ నెంబరును రచ్చబండ వద్దను, పాల కేంద్రము వద్దను, ఎరువుల దుకాణము వద్దను గోడపై వ్రాయించుట మంచిది.

గ్రామోద్యోగులకు

నష్టము వ్రాసికొనుటకు వచ్చిన ఉద్యోగి మొట్టమొదట బాధితుని గుమ్మము త్రొక్కువాడు. తొందరలో విసుగుకొన్న మాట ఆ యింటివారికి చాలకాలము గుర్తుండును. పరిహారము ఎప్పుడు వచ్చునో తెలిసినంతవరకే చెప్పవలెను. రాని దానికి ఆశ పెట్టరాదు. జాబితాను అందరికిని కనబడునట్లు అంటింపవలెను. అన్యాయము జరిగినదను అనుమానము దుఃఖమును ఇనుమడింపజేయును. జాబితాలో లేని కౌలుదారును, కూలివానిని, ఒంటరి స్త్రీని ప్రత్యేకముగా విచారింపవలెను. రాత్రింబవళ్ళు పనిచేయు ఉద్యోగులును మనుష్యులే. వారికిని విశ్రాంతి కావలెను.

సహాయము చేయువారి రాక కొన్ని వారములలో తగ్గిపోవును. అప్పులవారి రాక ఆ తరువాతనే మొదలగును. కావున మూడవ నెలలోను, మరుసటి నాట్ల కాలములోను, సంవత్సరము తిరిగివచ్చు తేదీనాడును బాధితుల ఇండ్లకు మరల ఒకసారి పోయి పలుకరింపవలెను. దివిసీమలో ప్రతి సంవత్సరము నవంబరు 19న మృతులకు నివాళు లర్పించుచుందురు. అట్లు అందరును కలసి తలచుకొనినచో ఎవరి దుఃఖమును వారొక్కరే మోయవలసిన అవసరము ఉండదు.

రైతు సోదరులారా, పడిన కొబ్బరిచెట్టును నిలువబెట్టలేము. పడిన మనిషిని నిలువబెట్టగలము. ఈ తుపాను తరువాత మీ వీధిలో ఎవరి తలుపు ఇంకను మూసియున్నదో చూచి, నేటి సాయంత్రమే పోయి తట్టుడు.