ఇరువురి నడుమ బిడ్డ

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌లో ఒక తెలుగు కుటుంబమున్నదనుకొందము. భార్యాభర్తలు విడిపోయిరి. తల్లి శ్రీకాకుళము జిల్లాలోని పుట్టింటికి వెళ్లగా, ఎనిమిదేండ్ల కుమారుడు తండ్రియొద్దను నాయనమ్మయొద్దను ఉండిపోయెను. ప్రతి ఆదివారము సాయంకాలము తల్లి ఫోను చేయును. మొదట బిడ్డ పరుగెత్తి అందుకొనెడివాడు. అయితే మాటలాడి వచ్చిన తరువాత ఇంటిలో ఎవరును తనను పలుకరింపకుండుట అతడు గమనించెను. “నిన్ను విడిచిపోయినది గదా” అను మాట పలుమారు వినెను. ఆరు నెలలు గడచునప్పటికి, “నేను అమ్మతో మాటలాడను” అని తానే చెప్పెను. అతని మనస్సు మారినదని పెద్దలు సంతోషించిరి. ఆ యింటిలో బ్రదుకుటకు బిడ్డ కనుగొనిన ఉపాయమది యని వారికి తోచలేదు.

ఈ విధముగా ఒకరు బిడ్డను రెండవవారికి విరోధముగా త్రిప్పుటకు పేరెంటల్ ఏలియనేషన్ అని పేరు. అమెరికా మానసిక వైద్యుడు రిచర్డ్ గార్డ్‌నర్ 1985లో దీనిని ఒక రుగ్మతగా వర్ణించెను. రుగ్మతయను మాటను అనేక నిపుణులు అంగీకరింపలేదు. పేరు ఏదైనను, తలిదండ్రుల పోరులో చిక్కిన బిడ్డ వేదన సత్యమే.

ఆ వేదన మూడు విధములు. మొదటిది దోషభావము. ప్రేమించిన తల్లిని నిరాకరించితినని బిడ్డ లోలోపల కుమిలిపోవును. చెప్పుకొనుటకు ఎవరును ఉండరు. రెండవది ఆత్మన్యూనత. తల్లి చెడ్డదని విన్న బిడ్డ, అద్దములో ఆమె పోలికలు చూచుకొని, తానును చెడ్డవాడననుకొనును. మూడవది అపనమ్మకము. ఒకరు పూర్తిగా మంచివారు, మరియొకరు పూర్తిగా చెడ్డవారు అని యెంచుట అలవడినవాడు, పెద్దయైన తరువాత ఎవరిని నమ్ముటకైనను జంకును.

అయినను బిడ్డ దూరమైన ప్రతిచోట ఇదే కారణమనరాదు. త్రాగివచ్చి కొట్టు తండ్రిని చూచి బెదరు బిడ్డ భయము న్యాయమైనది. 2017లో సుప్రీంకోర్టు ఈ హానిని ఒక తీర్పులో వివరించుచు, తండ్రియొద్ద పెరుగుచున్న బాలికను తల్లికి అప్పగించెను. 2024లో అదే న్యాయస్థానము, బిడ్డ మనస్సును త్రిప్పిన కార్యములు స్పష్టముగా కనబడనిదే తల్లిమీదగాని తండ్రిమీదగాని తొందరపడి ఈ నింద మోపరాదని హెచ్చరించెను. కాబట్టి మధ్యవర్తులైన పెద్దలు ఇరువురి మాటలు వినవలెను.

సొలొమోను ఎదుట నిలిచిన ఇద్దరు స్త్రీలలో, బిడ్డ బ్రదికియుండుటకై తన హక్కును వదలుకొన్నదే నిజమైన తల్లియని తేలెను. తలిదండ్రులకు నేటికిని అదే పరీక్ష. బిడ్డచేత కబురులు పంపకుడి. కోర్టు సంగతులు అతని యెదుట ఎత్తకుడి. దూరమైనవారు, బిడ్డ పలుకకున్నను, నిందింపక ఫోను చేయుచుండుడి. దగ్గరనున్నవారు, మాటలాడి వచ్చిన బిడ్డను “అమ్మ కులాసాగా ఉన్నదా?” అని అడుగుడి. ఆ ఒక్క ప్రశ్నతో, తల్లిని ప్రేమించుట ఈ యింటిలో నేరము కాదని బిడ్డకు తెలియును.