పట్టికలో కాలము

మన కోరుకొండ ఏ జిల్లాలోనిదని అడిగిన తూర్పు గోదావరి అందుము. 1925 నుండి ఆ పేరు మారలేదు, జిల్లాయే మారినది. 2022 ఏప్రిల్ 4న కాకినాడ వేరు జిల్లా అయి, మనకు రాజమహేంద్రవరము ముఖ్యపట్టణమైనది.

1970లో కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ డేటాబేసులో సమాచారమంతయు పట్టికలుగా ఉండును. అందు కాకినాడ వరుసలో పాత జిల్లాను చెరిపి కొత్తది వ్రాసితిమనుకొనుడు. 2015లో అచ్చట పుట్టిన శిశువు కాకినాడ జిల్లా లెక్కలోనికి వచ్చును. అప్పటికి ఆ జిల్లాయే లేదు!

కనుక చెరుపరాదు. ప్రతి వరుసకు 'నుండి', 'వరకు' అను గడులు చేర్చి, పాత వరుసను ఏప్రిల్ 4తో ముగించి, అదే తేదీతో కొత్త వరుసను ప్రారంభింపవలెను. ముగింపు తేదీ పాత వరుసకు చెందదని నియమము. అప్పుడు నడుమ ఖాళీ రాదు, ఒకే దినము రెండు వరుసలలో పడదు.

మరియొక చిక్కు కలదు. ఈ మార్పును గుమాస్తా జూన్‌లో గాని నమోదు చేయలేదనుకొనుడు. మే నెలలో కాకినాడ విద్యార్థికి పాత జిల్లా పేరుతో ధ్రువపత్రము వచ్చినది. తరువాత ఎవరైన అది దొంగ పత్రమన్నచో అతనికి దిక్కేది? జరిగిన తేదీతోపాటు నమోదైన తేదీని కూడ వేరుగా దాచినచో, మే నెలలో పట్టికకు తెలిసినది అంతియేనని చూపవచ్చును. 2011 నాటి ఎస్.క్యూ.ఎల్. ప్రమాణము ఈ రెండు కాలములకును చోటిచ్చినది.