క్యాను గోడను వదలని పాలు

పలమనేరు, పుంగనూరు వైపు పాల కేంద్రాల్లో కొత్తగా పనిలో చేరినవాళ్లకు తూకం, రసీదు నేర్పిస్తారు. క్యానును ఎంతసేపు బోర్లించి ఉంచాలో చెప్పేవాళ్లు తక్కువ. తెలుసుకోవాల్సింది మాత్రం అదే.

క్యాను వంచగానే పాలన్నీ దిగిపోవు. గోడకు పలచటి పొర అంటుకుని మెల్లగా జారుతుంది. 1930లో హెరాల్డ్ జెఫ్రీస్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు: పొర మందం సగం కావాలంటే నాలుగింతల సమయం పడుతుంది. ఆ లెక్కన 40 లీటర్ల క్యానును 10 సెకన్లు బోర్లిస్తే గోడ మీద సుమారు 35 మిల్లీలీటర్లు మిగులుతాయి. 40 సెకన్లు ఉంచితే అందులో సగమే. ఆ సగంలో సగం దిగాలంటే 160 సెకన్లు కావాలి, బండి వెనక బండి నిలబడి ఉండగా అది కుదరదు. కాబట్టి 40 సెకన్ల దాకా ఓపిక పట్టండి, ఆపైన వదిలేయండి. చల్లటి పాలైతే ఇంకాస్త ఆగాలి. రోజుకు 60 క్యాన్లు దిగేచోట ఈ ఓపికతో దాదాపు లీటరు పాలు దక్కుతాయి. లేదంటే కడిగిన నీళ్లతో కాలవలో కలిసేది పాడిరైతు కష్టమే.

ఫ్యాట్ పరీక్షలో ఈ పొర రైతు రేటునే మార్చేస్తుంది. గెర్బర్ పద్ధతిలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్ మీద 10.75 మిల్లీలీటర్ల పాలు పిపెట్‌తో పోస్తాం. గాజుకు అంటుకునే పొరను ముందే లెక్కలోకి తీసుకుని పిపెట్ మీద గీత పెట్టారు. చివరి చుక్క కోసం ఊదితే పాలు ఎక్కువ పడి ఫ్యాట్ పెరుగుతుంది, తొందరగా తీసేస్తే తగ్గుతుంది. ధార ఆగాక కొన్ని సెకన్లు ఆగి, మొనను గాజుకు తాకించి తీయండి. ఎవరి పాలైనా అంతేసేపు ఆగాలి, ఇందులో మొహమాటం వద్దు. పిపెట్ లోపల పాలు చుక్కలు చుక్కలుగా నిలిస్తే గాజుకు జిడ్డు పట్టినట్టే, కడిగాకే వాడండి.

జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పనికి వెళ్లేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. గుజ్జు కొంత జారాక, మిగిలిన పొరను దాని బరువు కిందికి లాగలేదు. గంట ఆగినా అంతే. గీకి దించండి, ఆరకముందే కడగండి. ట్యాంకు లోతుగా ఉంటే పొడవు కాడ ఉన్న రబ్బరు పలక అడగండి. లోపల గాలి పరీక్షించకుండా, బయట కాపలా మనిషి లేకుండా ఎవరు చెప్పినా దిగకండి.