నడకకు కొలత: ఘడియయా? క్రోసా?

"శాస్త్రిగారూ, రాబోవు కార్తికమున కాలినడకన తిరుమల కొండ ఎక్కుదమని మొక్కుకొన్నాము. ఇప్పటినుండి దినమునకు ఎంత నడవవలెను?" అని భక్తులు తరచుగా అడుగుచుందురు. నేను నిత్యము తెల్లవారుజామున పురానాపూల్ మీద నడచుట చూచినవారు కాబోలు, నన్ను అందులకు అధికారిగా భావింతురు.

ఈ "ఎంత" అను మాటలో రెండు కొలతలు దాగియున్నవి. ఒకటి కాలము, రెండవది దూరము. మన పెద్దలకు రెండును తెలియును. అహోరాత్రమునకు 60 ఘడియలు. ఘడియ అనగా 24 నిమిషములు. రెండు ఘడియలు ఒక ముహూర్తము. దూరమునకు క్రోసు, ఆమడ. క్రోసు సుమారు రెండు మైళ్లు, నాలుగు క్రోసులు ఒక ఆమడ.

కొత్తగా నడక ఆరంభించువారు, అరువదేండ్లు దాటినవారు ఘడియనే పట్టుకొనవలెనని నా అభిప్రాయము. నెమ్మదిగా నడచినను ఘడియ ఘడియయే. దూరమును నియమముగా పెట్టుకొన్నవాడు మాత్రము త్వరగా ముగింపవలెనని ఆత్రపడును, అలసినను ఆగడు. ఇది నేను చదివి చెప్పుమాట కాదు.

1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలమున మూసీపై కట్టిన ఈ వంతెన పొడవు సుమారు 600 అడుగులు. తొమ్మిదిసార్లు పోయి వచ్చిన క్రోసు పూర్తియగును. నాలుగేండ్ల క్రిందట నేను ఈ లెక్క వేసికొని, ముహూర్తములో క్రోసు నడువ సంకల్పించితిని. అది కుదిరినది. అంతట ఊరుకొనక ఒకటిన్నర ఘడియకు కుదింపబూనితిని. వైశాఖమాసము, ఆలస్యముగా లేచిన దినము, ఎండ ఎక్కినది. ఏడవ ఆవృత్తిలో కన్నులు చీకట్లు క్రమ్మినవి. కూరగాయలు అమ్ముకొను ఒక తల్లి నన్ను గోనెపట్టపై కూర్చుండబెట్టి నీళ్లు త్రాగించి, "ఎవరు తరుముతున్నరు పంతులూ నిన్ను?" అన్నది. నాకు సమాధానము తోచలేదు.

సిగ్గు కలిగించిన విషయమేమనగా, ఆ సమాధానము నేను చదివిన గ్రంథములలోనే ఉన్నది. వాగ్భటుడు అష్టాంగహృదయమున బలవంతునకు కూడ శీతకాల వసంతములలో సగము శక్తివరకే వ్యాయామము విధించినాడు; తక్కిన ఋతువులలో ఇంకను స్వల్పముగా చేయమన్నాడు. బాలురకు, వృద్ధులకు వ్యాయామమునే నిషేధించినాడు. అట్లయిన ముసలివారు కదలరాదా? సుశ్రుతుడు దేహమును మిక్కిలి పీడింపని సంచారమును వేరుగా చెప్పి, అది ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని పెంచునన్నాడు. మనకు కావలసినది అదియే. శ్వాస నోటికి వచ్చినచో సగము శక్తి ముగిసినదని గుర్తు. ప్రక్కవానితో మాటాడుచు, గోవిందనామము పలుకుచు నడువగలిగినంత వరకు భయము లేదు.

వారమునకు ఆరు దినములు ఘడియ చొప్పున నడచిన 144 నిమిషములగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు కనీసముగా చెప్పిన 150 నిమిషములకు ఇది చేరువయే. ఘడియ సులభమైన పిమ్మట వారమునకు మూడు నాలుగు నిమిషములు పెంచుకొనుచు ముహూర్తము వరకు పోవచ్చును. పదివేల అడుగులు తప్పనిసరియని కొందరు గడియారము చూచుకొని బెంగపడుచుందురు. ఆ సంఖ్య 1965 ప్రాంతమున జపానులో అడుగులు లెక్కించు యంత్రమునకు పెట్టిన పేరునుండి వ్యాపించినది, శాస్త్రవిధి కాదు.

అయితే కొండ మన ఘడియను లెక్కచేయదు. అలిపిరి మార్గము సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. అందువలన మొక్కుకొన్న యువకులు ముహూర్తకాలము ఆయాసము లేక నడువగలిగిన తరువాత వారమున కొకసారి దూరమును పరీక్షించుకొనవలెను. మొదట క్రోసు, కొన్ని వారములకు రెండు. పరుగెత్తదలచినవారు నడక మధ్య ఒకటి రెండు నిమిషములు పరుగు చేర్చి మరల నడవవలెను. చదునుబాట మోకాళ్లకు మెట్లను నేర్పదు గనుక, నౌబత్ పహాడ్ మీది బిర్లామందిరము వంటి చోట ఎక్కి దిగుట అభ్యసింపవలెను. గుండెజబ్బు, మధుమేహము కలవారు వైద్యుని అడిగిన తరువాతనే సంకల్పము చెప్పుకొనవలెను.

2024లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు అరువది దాటినవారు, రక్తపోటు, కీళ్లనొప్పులు మున్నగు బాధలున్నవారు కాలినడకన రావలదని సూచించినారు. నాకును మెట్ల మొక్కు ఒకటి మిగిలియున్నది. ఆ సూచన చదివి రెండు దినములు మనస్సు కలతపడినది. ఈ కార్తికమున మా మనుమడు అలిపిరినుండి మెట్లెక్కును. నేను బస్సులో పోయి, పైన గాలిగోపురము దారి వంక చూచుచు వాని కొరకు కూర్చుందును.