డిసెంబరు చలిలో లంబసింగికి బండి మీద

ప్రశ్న: డిసెంబరులో విశాఖ నుంచి అరకు, పాడేరు మీదుగా లంబసింగి వెళ్తున్నాం. మట్టి దారుల్లోనూ తిరగాలని ఉంది. ఏం సర్దుకోవాలి?

జవాబు: మందపాటి జాకెట్ ఒకటి కొని నిశ్చింతగా ఉండకండి. శృంగవరపుకోట దాకా పట్టిన చెమటే అనంతగిరి ఘాట్‌లో వణికిస్తుంది. ఒంటికి నూలు బనియన్ వద్దు, తడిస్తే ఓ పట్టాన ఆరదు. త్వరగా ఆరే పాలిస్టర్‌ది, దానిపై ఉన్ని స్వెట్టర్, ఆపైన రైడింగ్ జాకెట్ వేసుకోండి. ఘాట్ మొదట్లో ఆగి రెయిన్‌కోటు తొడిగితే గాలీ, మంచు తడీ రెండూ ఆగుతాయి.

లంబసింగిలో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ చలి మైనస్ 8లా తగులుతుంది. ముందు మొద్దుబారేవి వేళ్లే, బ్రేకు పట్టాల్సిందీ వాటితోనే. అందుకే గ్లవ్స్ రెండు జతలు ఉండాలి. హెల్మెట్ కింద తల, మెడ కప్పే పలుచని తొడుగు (బాలక్లావా) చాలు. మంకీ క్యాప్ వేస్తే హెల్మెట్ సరిగా కూర్చోదు.

పనిముట్లు, నీళ్లు సీటుకు రెండు పక్కలా కిందికి కట్టండి. బరువంతా వెనక క్యారియర్ మీద పెడితే మట్టి ఎత్తుల్లో ముందు చక్రం తేలిపోతుంది.

పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి అర్ధరాత్రి విశాఖలో బయల్దేరేవాళ్లున్నారు. ఆ పొగమంచులో ఘాట్ ఎక్కడం నాకు నచ్చదు. ముందురోజే పాడేరు చేరుకోండి.