శాసనం నేనే చదివాను, వికీపీడియా ఎందుకు తీసేసింది?

ప్రశ్న: మా ఊరి గుడి శాసనాన్ని స్వయంగా చదివి, ఊరి పేరు ఎలా వచ్చిందో తెలుగు వికీపీడియాలో రాశాను. తీసేశారు. తప్పేముంది?

జవాబు: తప్పని ఎవరూ అనలేదండీ. మీ పాఠం సరైనదే కావచ్చు. కానీ అక్కడ రాసేదీ దిద్దేదీ మనలాంటి మామూలువాళ్లే. పాత లిపి చదివి మీ మాట నిగ్గు తేల్చే పండిత మండలి లేదు. అందుకే ఇదివరకే అచ్చయిన, నమ్మదగిన ఆధారం అడుగుతారు. 2003లో ఇంగ్లీషు వికీపీడియాలో, సొంత పరిశోధన రాయకూడదనే ఈ నియమం రావడానికి ముఖ్య కారణం, సొంత భౌతికశాస్త్ర సిద్ధాంతాలు మోసుకొచ్చినవాళ్ల తాకిడే. అచ్చయిన రెండు ఆధారాలను కలిపి, రెండింట్లోనూ లేని మూడో నిర్ధారణ చెప్పడం కూడా నిషిద్ధమే. చాలామందికి కొరుకుడు పడనిది ఇదే. నిజమైన పరిశోధకుడికీ ఈ నియమంవల్ల ఆలస్యం తప్పదు, ఒప్పుకోవాలి.

శాసనానికి మీరు తీసిన ఫొటోకు మాత్రం సాధారణంగా అడ్డులేదు, వికీపీడియా ఫొటోల భాండారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. పాఠాన్ని శాసన నిపుణులకు చూపించి, చరిత్ర పత్రికకు పంపండి. అచ్చయ్యాక సంచిక, పేజీ వివరాలతో వ్యాసం చర్చాపేజీలో ప్రతిపాదించండి.